మేకప్ తాతయ్య చెప్పిన దీవులు

నా చిన్నప్పుడు నేను ఏడుపుకు పేరుబడ్డ పిల్లని. ఇంట్లో కాదు, సినిమాల్లో. తొమ్మిదేళ్లు వచ్చేసరికే తప్పిపోయిన పిల్లగా, సవతితల్లి వాత పెట్టిన పిల్లగా, అనాథ పిల్లగా అరడజను సినిమాల్లో ఏడ్చేశాను. కంపెనీల వాళ్లకు నా పేరు గుర్తుండేది కాదు, "ఆ ఏడ్చే పాపని పిలిపించండి" అనేవారు. ఆ మాట విని మా అమ్మ మురిసిపోయేది. అమ్మ జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీన్లలో, సంత సీన్లలో గుంపులో నిలబడే మనిషి. ఎన్నేళ్లు నిలబడినా తెర మీద ఆమె మొహం ఎవరికీ ఆనింది లేదు. కూతురి మొహం తెర నిండా కనబడుతుంటే ఆమెకు అంతకంటే ఏం కావాలి?

యూసుఫ్‌గూడలో ఒక్క గది కిరాయికి తీసుకొని ఉండేవాళ్లం. మా బాపు స్టూడియో వ్యాను నడిపేవాడు. అప్పటి ఫిల్మ్ నగర్ ఇప్పటిలా కాదు. ఎటు చూసినా గుట్టలు, బండరాళ్లు, వాటి నడుమ అక్కడొకటి ఇక్కడొకటి బంగళాలు, పైన స్టూడియో. ఆ ఎండాకాలం అందులో ఒక దీవి సెట్టు వేశారు. ఓడ మునిగిపోతే ఒక తల్లీ కూతురూ దీవికి కొట్టుకువచ్చే కథ. బయట అన్ని నిజం బండలుండగా లోపల ప్లాస్టరుతో బండలు పోతపోసి రంగులేస్తుంటే బాపు పడి పడి నవ్వాడు. ఇసుక లారీల్లో తోలించారు. కొబ్బరి మొద్దులు పాతి, వాటికి కట్టిన ఆకులు వాడిపోతే ప్రతి పొద్దునా కొత్తవి కట్టేవారు. వెనక గోడ పొడవునా గుడ్డ మీద సముద్రం గీశారు. నేను అప్పటికి నిజం సముద్రం చూడలేదు. అది కదలకుండా, చప్పుడు లేకుండా అట్లాగే ఉంటుందని అనుకునేదాన్ని.

సెట్టు పని నడుస్తుండగానే అమ్మ మంచం పట్టింది. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి. పెద్దాసుపత్రిలో చేర్పించారు. బాపు ఆమె దగ్గరే ఉండిపోవడంతో నన్ను షూటింగుకి తీసుకెళ్లి తీసుకొచ్చే బాధ్యత మా మేకప్ తాతయ్య మీద పడింది. ఆయన మాకు చుట్టం కాడు. పక్కనే మధురానగర్‌లో ఒంటరిగా ఉండేవాడు. కాకినాడ వైపు మనిషి. కుర్రతనంలో సరుకుల ఓడలో మంగలిగా పనిచేశాడు. నావికుల గడ్డాలు గీస్తూ ఎన్నో రేవులు తిరిగి, తర్వాత మద్రాసులో మేకప్ నేర్చుకొని, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చాడు. మనిషి బక్కగా ఉండేవాడు. చేతివేళ్లు ఎప్పుడూ చల్లగా ఉండేవి.

నా మేకప్‌కి గంట పట్టేది. ఎండకు మాడిన చెంపలు, ఉప్పుకు పగిలిన పెదవులు, గీరుకుపోయిన మోకాళ్లు, అన్నీ ఆయనే సృష్టించాలి. నేనేమో కుదురుగా కూర్చునే రకం కాదు. నన్ను కదలకుండా ఉంచడానికి ఆయన దీవుల సంగతులు మొదలుపెట్టాడు. వాటిలో ఒక పద్ధతి ఉండేది. ఏ సంగతి చెప్పినా చివర "చూశాను" అనో, "విన్నాను" అనో, "చదివాను" అనో చేర్చేవాడు. ఆ మాట చేర్చకుండా ఇంకో సంగతికి వెళ్లేవాడు కాదు.

మొదట చెప్పింది మాల్దీవుల గురించి. ఓడ మీంచి చూస్తే అక్కడ నేల కనబడదు, కొబ్బరిచెట్లు నేరుగా నీళ్లలోంచి మొలిచినట్టుంటాయి. దేశం మొత్తం వెతికినా ఒకటిన్నర నిలువు మించి ఎత్తున్న నేల దొరకదు. "చెట్లు చూశాను, ఎత్తు సంగతి చదివాను" అన్నాడు. అండమాన్ల దగ్గర ఒక దీవి ఉందట, అక్కడి మనుషులు పడవ దగ్గరికొస్తే బాణాలేస్తారట. అది విన్నాడు. ఇంకో దీవిలో ఏటా వానలు మొదలవగానే లక్షల ఎర్ర పీతలు అడవి వదిలి సముద్రానికి నడుస్తాయి, రోడ్లన్నీ ఎర్రబడతాయి. అది చదివాడు. ఐస్‌లాండు దగ్గర సముద్రం పొగలు కక్కి ఒక కొత్త దీవి పైకి లేచింది, అది నాకంటే కొన్నేళ్లే పెద్దది. దాని మీద మామూలు మనుషుల్ని కాలుపెట్టనివ్వరు. ఉత్త రాయి మీదికి ముందుగా ఏ గింజ వస్తుందో, ఏ పిట్ట వస్తుందో చూడాలని శాస్త్రజ్ఞులు మాత్రమే వెళ్తారు. అదీ చదివిందే.

రష్యాకీ అమెరికాకీ మధ్య రెండు దీవులున్నాయని ఒకరోజు చెప్పాడు. ఒకదాని మీద నిలబడితే రెండోది కనబడేంత దగ్గర. అయినా ఒక దీవిలో ఇవాళ అయితే రెండో దీవిలో అప్పటికే రేపు. నేను చాలాసేపు ఆలోచించి, ఆ రేపటి దీవికి పోయి మా అమ్మకు తగ్గిందో లేదో చూసి రావచ్చా అని అడిగాను. ఆయన చేతిలో స్పాంజి ఆగింది. ఇంకెవరైనా అయితే వెళ్లొచ్చనే చెప్పేవారు, పిల్ల సంతోషపడుతుందని. ఆయన మాత్రం, "లేదమ్మా, అక్కడ మారేది క్యాలెండరే. ఇక్కడ తెలియనిది అక్కడా తెలియదు" అన్నాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది.

స్కాట్లాండుకి దూరంగా నడిసముద్రంలో ఉన్న ఒక దీవి కథకైతే ఏడ్చాను. అక్కడ వందల ఏళ్లు జనం బతికారు. చివరికి ముప్పై ఆరుగురే మిగిలి, ఇక బతకలేమని అందరూ ఒకే పొద్దున ఓడెక్కి వెళ్లిపోయారు. పోయేముందు తమ కుక్కల్ని సముద్రంలో ముంచేశారు. ప్రతి ఇంట్లో ఒక బైబిలు తెరిచిపెట్టి, పక్కన కాసిన్ని గింజలు ఉంచారు. చదివాను, అన్నాడు. కుక్కల కోసం నేను వెక్కి వెక్కి ఏడిస్తే చెంపల మీద రంగంతా కారిపోయింది. ఉత్తినే అన్నానులే అని ఆయన అనలేదు. "ఏడువు, మళ్లీ వేస్తాను" అని కుర్చీలో వెనక్కి వాలి ఆగాడు.

ఒక్కసారి ఆయన తప్పు చెప్పాడు. సముద్రం అడుగున ఒక చెట్టుందనీ, రెండు కొబ్బరికాయలు అతుక్కున్నంత పెద్ద కాయ దానికి కాసి పైకి తేలుతుందనీ ముసలి నావికుడొకాయన దగ్గర విన్నానన్నాడు. రెండ్రోజుల తర్వాత నన్ను కూర్చోబెట్టీ పెట్టకముందే మొదలుపెట్టాడు. మొన్న చెప్పింది తప్పట. ఆ చెట్టు సీషెల్స్ అనే దీవుల్లో నేల మీదే పెరుగుతుందట. కాయలు ఎక్కణ్ణుంచో కొట్టుకొస్తుంటే చూసి ఓడవాళ్లు అడుగున చెట్టుందని అనుకున్నారట. లైబ్రరీకి వెళ్లి మరీ చదివొచ్చాడు. ఒక పెద్ద మనిషి చిన్నపిల్ల ముందు, నేను చెప్పింది తప్పు అనడం నేను చూడటం అదే మొదటిసారి. విన్నది తప్పు కావచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

ఇక ఆ షాటు సంగతి. సినిమాలో తల్లి దీవి మీద చనిపోతుంది. ఆమెను పట్టుకొని నేను ఏడవాలి. ముందు గ్లిజరిన్ వేశారు. కళ్లు మండి మూసుకుపోయాయి తప్ప మొహంలో ఏడుపు రాలేదు. డైరెక్టరు గారికి చిరాకెక్కింది. అప్పుడు అసిస్టెంటు డైరెక్టరు, మేమంతా అన్నా అని పిలిచే కుర్రవాడు, నా పక్కకొచ్చి గొంతుక్కూర్చున్నాడు. నా భుజం మీద చెయ్యేసి, ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందనీ, మా అమ్మ చనిపోయిందనీ చెప్పి చటుక్కున పక్కకు తప్పుకున్నాడు. కెమెరా అప్పటికే తిరుగుతోందని నాకు తెలియదు. నేను ఇసుకలో పడి ఏడ్చిన ఏడుపుకు లైట్‌మెన్లు కూడా కళ్లు తుడుచుకున్నారట. కట్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అన్న నన్ను ఎత్తుకొని గిరగిరా తిప్పి, చాక్లెట్టు చేతిలో పెట్టి, ఉత్తినే అన్నాలేరా బంగారం, మీ అమ్మకేం కాలేదు అన్నాడు.

ఇది పిల్లల దగ్గర ఏడుపు రాబట్టడానికి ఆ రోజుల్లో చాలామంది చేసే పనే. కొందరు గిల్లేవారు, కొందరు కొట్టేవారు, తెలివైనవాళ్లు ఇట్లా చెప్పేవారు. నాకు సిగ్గుగా ఉన్నా నిజం చెప్పాలి. ఆ చప్పట్లు నాకు నచ్చాయి. మేకప్ గదిలో ఉన్న తాతయ్యకు సంగతి తెలిసి అన్న మీద విరుచుకుపడుతుంటే, నేను చాక్లెట్టు చప్పరిస్తూ ఈయనకెందుకింత బాధ అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి అమ్మకు గొప్పగా చెప్పాను, నువ్వు చచ్చిపోయినవని నన్ను ఏడిపిచ్చిండ్రు అని. అమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె ఎండిన పెదవులతో నవ్వింది. "మంచిగ ఏడ్చినవా బిడ్డా?" అంది. అందరు చప్పట్లు కొట్టిండ్రన్నాను. "గట్లనే చెయ్యాలె" అని తల నిమిరి, కాసేపటికి గోడ వైపు తిరిగి పడుకుంది. ఇన్నేళ్లలో నేను ఆ వీపును మర్చిపోయిన రోజు లేదు. తనకేమవుతోందో అమ్మకు అప్పటికే తెలుసు. ఆమె నిజంగా ఏడ్చింది ఆ గోడ వైపే అని నాకు ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు.

పది రోజులు గడిచాయి. ఆ సెట్టులో చివరి రోజు. మర్నాడు దీవిని పీకేసి అక్కడ ఇంకో సినిమాకు బంగళా హాలు సెట్టు వేయాలి. మిగిలింది ఒక్క షాటు. దూరంగా ఓడ కనబడితే నేను ఇసుకలో నవ్వుతూ పరుగెత్తాలి. పదకొండింటికి ఆఫీసు గదికి ఫోనొచ్చింది. చేసింది బాపు. అమ్మ పోయింది, పిల్లను పంపండి అని చెప్పాడు. ఫోనెత్తిన మేనేజరు డైరెక్టరు గారి చెవిలో వేశాడు. వాళ్లిద్దరూ గొడుగు కింద నిలబడి నిర్ణయం చేసుకున్నారు. ఒక్క షాటే కదా, అయ్యాక చెబుదాం, వ్యాను సిద్ధంగా పెట్టండి. వాళ్లు రాక్షసులు కారు. మేనేజరు ఆ మాట అంటూ కళ్లు తుడుచుకున్నాడని తర్వాత విన్నాను. కానీ ఏడుస్తూ కూడా చెయ్యకూడని పని చెయ్యొచ్చు.

మేకప్ గదికి వచ్చి తాతయ్యకు ఫోను సంగతి చెప్పి, పిల్ల మొహం వాడిపోకుండా చూడు, ఏమీ అనకు అన్నారు. నేను అప్పుడు గదిలో లేను, గుమ్మం బయట గవ్వలాడుతున్నాను. అక్కడికి అన్న వచ్చాడు. అదివరకటిలాగే నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పాపా, మీ అమ్మ..." అని ఆగి, మళ్లీ అని, చివరికి చెప్పేశాడు. దాచలేకపోయాడు పాపం. ఒకసారి ఆడిన అబద్ధం అతన్ని లోపల తినేస్తోందేమో.

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. ఇంత పెద్దవాడికి ఇంత చిన్న సంగతి గుర్తులేదా అనిపించింది. "అన్నా, ఇయ్యాల నవ్వే షాటు గదా, ఏడ్చేది అయిపోలే?" అన్నాను. అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నాను. నేను లేచి, తాతయ్యకు చెప్పి నవ్విద్దామని లోపలికి పరుగెత్తాను.

తాతయ్య నవ్వలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు కానీ స్పాంజి తీసుకోలేదు. నా ముందు నేల మీద కూర్చున్నాడు. ఆయన వయసుకి అది కష్టమైన పని, మోకాళ్లు పట్టుకొని నెమ్మదిగా దిగాడు.

"అన్న చెప్పింది నిజమేనమ్మా" అన్నాడు. "మీ అమ్మ పొద్దున పోయింది."

నేను ఆయన మొహం చూశాను. మా ఇద్దరి మధ్య ఉన్న పద్ధతిలోనే అడిగాను.

"చూసినవా తాతయ్యా, విన్నవా?"

"విన్నాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే తప్పు గావచ్చు గదా. నీళ్ల కింద చెట్టు లెక్క."

నాకు ఇప్పుడు దాదాపు ఆయన వయసొచ్చింది కనుక ఆ క్షణం ఆయన్ని ఎంత లాగి ఉంటుందో తెలుస్తోంది. కావచ్చులే అంటే పిల్ల ఒక గంట సంతోషంగా ఉంటుంది, షాటు అవుతుంది, తన పనీ నిలుస్తుంది. కాదు, అమ్మ పోయిందంతే అని గట్టిగా అంటే, అన్నకూ ఆయనకూ తేడా ఏంటి?

"నాకైతే నిజమేననిపిస్తోందమ్మా. మీ నాన్నే చెప్పాడు కాబట్టి" అన్నాడు. "కానీ నేను చూడలేదు. పద, వెళ్లి చూద్దాం."

ఆయన నా చెయ్యి పట్టుకొని గదిలోంచి బయటికి నడిచాడు. దీవి పక్కనుంచే వెళ్లాం. లైట్లన్నీ వేసి ఉన్నాయి. డైరెక్టరు గారు ఏమైందని అరిచారు. మేనేజరు అడ్డం వచ్చి, పది నిమిషాల పని అన్నాడు. తాతయ్య ఆగలేదు, గొంతు కూడా పెంచలేదు. "అయ్యా, ఈ పిల్లకు మీరు ఒకసారి అబద్ధం చెప్పారు. ఇక తన కళ్లతో తను చూడాల్సిందే" అన్నాడు. వాళ్లు వ్యాను ఇవ్వలేదు. గేటు దాకా ఎండలో నడిచి, ఆటో ఎక్కి గుట్ట దిగాం. నేను దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాను. అమ్మ బాగుంటే వెనక్కొచ్చి షాటు చేద్దామన్నాను. ఆయన నా మాట దేనికీ సరే అనలేదు, కాదనలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆసుపత్రి వరండాలో బాపు గోడకు చేరగిలబడి ఉన్నాడు. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. మాడిన చెంపలతో, పగిలిన పెదవులతో, చిరిగిన గౌనుతో ఉన్నాను కదా. మేకప్ తీయాలంటే కొబ్బరినూనె కావాలి, అది గదిలోనే ఉండిపోయింది. తాతయ్య తన తువ్వాలు తడిపి తుడవబోయాడు. రంగు పోలేదు, మరింత పాకింది. ఆ మొహంతోనే లోపలికి వెళ్లాను. అమ్మ మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది. బాపు పైభాగం తీశాడు. నేను చూశాను. పాదం పట్టుకొని చూశాను. ఆ వార్డులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. ఎవరో ఒకరు కట్ అంటారని ఎదురుచూస్తూ నిలబడ్డాను. అట్లా ఎంతసేపు నిలబడ్డానో. ఎవరూ అనలేదు. తాతయ్య నా వెనకాలే నిలబడి ఉన్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఆ షాటు కోసం దీవిని పీకడం ఆపించి, మూడు రోజుల తర్వాత నా ఒడ్డూపొడుగున్న ఇంకో పిల్లను వెనక నుంచి పరుగెత్తించి తీశారట. తాతయ్యను ఆ కంపెనీ మళ్లీ పిలవలేదు. వాళ్లని చూసి ఇంకో రెండు కంపెనీలు పిలవలేదు. ఆయన నాటకాల వాళ్లకు, స్కూలు వార్షికోత్సవాల పిల్లలకు రంగులేసి బతికాడు. నేను మళ్లీ కెమెరా ముందు నిలబడలేదు. కృష్ణానగర్‌లో దుస్తులు కుట్టే పని నేర్చుకొని దానితోనే సంసారం ఈదాను. ఆయన బతికున్నంత కాలం మధురానగర్ వెళ్లి చూసి వస్తుండేదాన్ని. పెద్దయ్యాక ఒకసారి, ఆ రోజు నన్ను తీసుకెళ్లినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అని అడిగాను. పొద్దున్నే తీసుకెళ్లలేకపోయినందుకు బాధపడ్డాను, ఆమె బతికుండగానే చూసేదానివి అన్నాడు.

నా మనవలకు నేను చిన్న అబద్ధం కూడా చెప్పను. సూది నొప్పి పుట్టదని చెప్పను. చనిపోయిన కుక్కపిల్ల ఊరికి పోయిందని చెప్పను. ముసలిదానికి మరీ చాదస్తం, పిల్లలతో ఇంత కటువుగా ఉంటారా అని మా కోడలు విసుక్కుంటుంది. ఉండనీ. పిల్లలు మొహం చూసి నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ఒకసారి వాడేసుకుంటే, వాళ్లకు నిజం చెప్పాల్సిన రోజున మన దగ్గర మాట మిగలదు.

ఈమధ్య ఆ సినిమా ముక్క ఎవరో ఫోనులో పెట్టారట. పిల్లలు నా చుట్టూ మూగి చూశారు. ఇసుకలో పడి ఏడుస్తున్న పిల్ల, కింద వేలమంది మెచ్చుకోళ్లు. ఏం యాక్టింగ్ నానమ్మా అన్నారు. అది యాక్టింగ్ కాదనీ, మా అమ్మ చనిపోయిందని నాకు అబద్ధం చెప్పి ఏడిపించారనీ చెప్పాను. ఆ వినబడే గొంతు కూడా నాది కాదు, నా మాటలో యాస ఉందని వేరే పిల్లతో చెప్పించి అతికించారు. పెద్దవాడు ఫోను పక్కన పెట్టేశాడు. చిన్నది మాత్రం నా దగ్గరికి జరిగి, మరి మీ అమ్మ నిజంగా చనిపోయినప్పుడు ఇట్లాగే ఏడ్చావా అని అడిగింది.

ఇట్లాగే ఏడ్చానే, ఏమీ తేడా లేదు అన్నాను. నన్ను ఇన్నేళ్లుగా వదలనిది అదే.